నాలుగు నెలల పది రోజుల్లో యూరప్

ఆయన పోయిన నాలుగో రోజు పొద్దున నేను, ట్యూషన్‌కు వచ్చే పిల్ల నోటు పుస్తకం దిద్దాను. పదకొండో తరగతి చరిత్ర. హాల్లో పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు చాప మీద కూర్చుని ఉన్నారు. నేను లోపలి గదిలోకి వెళ్ళి, ఎర్ర పెన్ను వెతుక్కుని, మధ్యయుగపు యూరప్‌లో మూడు వర్గాల గురించి రాసిన జవాబుకు పదికి ఆరు వేశాను. ప్రార్థన చేసేవాళ్ళు, యుద్ధం చేసేవాళ్ళు, పని చేసేవాళ్ళు. మూడోవాళ్ళ గురించి ఆ పిల్ల రెండే వాక్యాలు రాసింది. "ఎక్కువమంది వీళ్ళే కదా, వీళ్ళ గురించి ఇంతేనా?" అని పక్కన రాశాను. తలుపు దగ్గర నిలబడి చూసిన ఒకావిడ, "పాపం, మతి చలించినట్టుంది" అని హాల్లోకి వెళ్ళి చెప్పింది. చలించలేదు. చలించి ఉంటే కాస్త బాగుండేదేమో.

పన్ను పీకే ముందు చిగుళ్ళకు మత్తు సూది వేస్తారు. ఆ తర్వాత కాసేపు చెంప మనది కాదు, కొరుక్కున్నా తెలియదు. నాకు ఒళ్ళంతా అలా ఉండేది. "ఏడువమ్మా, ఏడిస్తే బరువు తగ్గుతుంది" అని అందరూ చెప్పేవాళ్ళు. నేను టీ కప్పులు కడిగేదాన్ని.

మేముండేది అరబ్బు దేశంలో, ఫింటాస్ అనే చోట, మూడో అంతస్తులో. మాకు పిల్లల్లేరు. ఆయన అమ్ఘరాలో ఇళ్ళు కట్టే సామాను అమ్మే యార్డులో స్టోర్‌కీపర్. ఒకరోజు మధ్యాహ్నం టైల్స్ పెట్టెల పక్కన కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారట. ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. ఖననం ఇక్కడే జరిగింది. పదకొండేళ్ళ కాపురంలో ఆ యార్డు నేను ఒక్కసారి కూడా చూడలేదు. "అక్కడ ఆడవాళ్ళకేం పని?" అనేవారు.

భర్త పోయిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదని పెద్దవాళ్ళు చెప్పారు. ఇద్దత్. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ ఇలాంటి సంగతులన్నీ ఉర్దూలో చెబుతారు. అందుకేనేమో ఎదురు ప్రశ్న వెయ్యాలని తోచదు. సరేనన్నాను. వెళ్ళాల్సిన చోటు కూడా ఏమీ లేదు.

అసలు చిక్కు అది కాదు. ఈ దేశంలో నేను ఉండటానికి కావలసిన ఇఖామా ఆయన పేరు మీద ఉంది. ఆయనే లేనప్పుడు, సొంతంగా ఒక ఉద్యోగం చూపించి దాన్ని మార్పించుకోవాలి, లేదా రాయచోటికి వెళ్ళిపోవాలి. వెళ్ళిపోవాలని మా బావగారు, అంటే ఆయన అన్న, అప్పటికే నిర్ణయించేశారు. ఇద్దత్ అయిపోయిన మర్నాటికి టికెట్ తీస్తానన్నారు. తన ఇంట్లో మేడమీద గదికి నా కోసం సున్నం కొట్టించారు. ప్రతి శుక్రవారం ఫోన్ చేసి, తిన్నావా అని అడిగేవారు. చెడ్డవాడైతే పోట్లాడవచ్చు. ఆయన చెడ్డవారు కాదు.

కంపెనీవాళ్ళు ఇద్దత్ ముగిసేదాకా ఫ్లాట్‌లో ఉండనిచ్చారు. కింది అంతస్తు అమ్మాయి రోజూ సాయంత్రం ట్యూషన్‌కు పైకి వచ్చేది. పదహారేళ్ళది. చావు జరిగిన ఇంట్లో ఎలా కూర్చోవాలో దానికి తెలియదు, అందుకని మామూలుగానే కూర్చునేది. ఆ నాలుగు నెలల్లో నాకు కాస్త నచ్చిన మనిషి అదొక్కతే.

మేము మధ్యయుగాల్లో మొదలుపెట్టాం. భూమికి కట్టుబడిన రైతు ప్రభువు ఒప్పుకోకుండా ఊరు దాటలేడు, పెళ్ళి చేసుకోలేడు అని చెప్పాను. "ఇక్కడి కఫీల్ లాగానా ఆంటీ?" అంది. వీసా ఇచ్చి పనివాణ్ణి తన కింద కట్టేసుకునే యజమాని కఫీల్. ఇక్కడ పెరిగిన పిల్లలందరికీ ఈ పోలిక ఇట్టే తడుతుంది. పరీక్షలో రాయకు అన్నాను.

తర్వాత ప్లేగు వచ్చింది. దాని ఫలితాలు రాసుకుని రమ్మంటే, ఆ పిల్ల పేజీ మధ్యలో స్కేలుతో గీత గీసి, ఎడమవైపు నష్టాలు, కుడివైపు లాభాలు అని రాసింది. ఎడమవైపు ఒకే ముక్క: చాలామంది చనిపోయారు. కుడివైపు నిండుగా ఉంది. పనివాళ్ళు తగ్గారు కాబట్టి మిగిలినవాళ్ళకు గిరాకీ పెరిగింది, కూలి పెరిగింది, ప్రభువులు మెత్తబడ్డారు, రైతులు నగరాలకు వెళ్ళారు. అక్షరం తప్పు లేదు. ఆ పేజీ మీద నా చెయ్యి ఆగుతుందేమోనని చూశాను. ఆగలేదు. టిక్కు పెట్టాను.

ఆ వారంలోనే ఆయన దగ్గర పనిచేసిన కడప అతను ఆయన టిఫిన్ క్యారియర్ ఇచ్చిపోవడానికి వచ్చాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను. "అక్కా, అన్న సీటు నాకిచ్చినారు. జీతం గూడా పెంచినారు. నేను వద్దంటే ఇంగొగనికి ఇస్తారు. తప్పుగా అనుకోవద్దక్కా" అన్నాడు. నేను వెంటనే కుడివైపు కాలమ్ అనుకున్నాను. మనిషి అలా అనుకోకూడదు, తెలుసు. అనుకున్నాను.

నగరాల పాఠం దగ్గర చేతివృత్తుల సంఘాల గురించి చెప్పాల్సి వచ్చింది. నేతగాళ్ళకు, రొట్టెలు కాల్చేవాళ్ళకు, అందరికీ సంఘాలుండేవి. దుకాణం యజమానిది, భార్య పగలంతా అందులో చాకిరీ చేసినా పేరు మాత్రం ఆయనదే. అయితే యజమాని చనిపోతే చాలా చోట్ల ఆ దుకాణం ఆమె నడుపుకోవచ్చు. పనివాళ్ళను పెట్టుకోవచ్చు, సరుకు తన పేరు మీద అమ్మవచ్చు. నేను ఇదంతా గోడ గడియారం చూస్తూ చెప్పుకుపోతున్నాను.

"అంటే ఆంటీ, హజ్బెండ్ చచ్చిపోతేనే వాళ్ళకి ఫ్రీడమ్ వచ్చేదా?" అంది.

అని, నోరు గట్టిగా మూసుకుంది. ముఖం ఎర్రబడింది. నేను పెన్ను మూత పెట్టాను.

"అలా రాయొద్దు. మార్కులు పోతాయి" అన్నాను.

ఇక్కడ ఒకటి దాచకుండా రాయాలి. నాకు ఎం.ఏ. ఉంది, బి.ఇడి. ఉంది. ఈ దేశానికి వచ్చినప్పటి నుంచి బడిలో పాఠం చెప్పాలని ఉండేది. ప్రతి ఏడూ బడులు తెరిచే రోజుల్లో ఆయన్ను అడిగేదాన్ని. ఆయన తిట్టలేదు, కొట్టలేదు, కాదని కూడా ఎప్పుడూ అనలేదు. "టీ పెట్టు" అనేవారు. అంతటితో ఆ మాట ముగిసేది. మరీ పట్టుబడితే, "ఇంట్లో ట్యూషన్లు చెప్పుకుంటున్నావుగా, ఎవరు వద్దన్నారు?" అనేవారు. చలికాలం రాగానే నాకు కాళ్ళు పగులుతాయని గుర్తుపెట్టుకుని మందు తెచ్చేది కూడా ఆయనే. ఇష్టం లేక కాదు, నాకు ఆయనంటే ఇష్టమే. ఆ "టీ పెట్టు" మాత్రం ఒళ్ళు మండించేది. ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు, ఏడుపు కంటే ముందు, ఇక నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరన్న ఆలోచన వచ్చింది. ఒక్క క్షణం. వచ్చి పోయింది. ఆ తర్వాత ఏడుపు కూడా రాలేదు. ఒళ్ళు మొద్దుబార్చిన ఆ సూది ఎవరు వేశారో నాకు బాగా తెలుసు.

మూడు నెలలు దాటాక ఆ అమ్మాయి తల్లి పైకి వచ్చింది. వాళ్ళది గోదావరి వైపు. ఒక బడిలో లెక్కలు చెబుతుంది.

"ఏవండీ, మా హిస్టరీ మేడమ్ ఇండియా వెళ్ళిపోతన్నారు. నేను మీ పేరు చెప్పేశానండి, ఏమీ అనుకోకండే. మీరొచ్చి ఒక్క క్లాసు చెప్పి చూపించాలంతే. నచ్చితే ఇఖామా స్కూలు మీదకి మార్చేస్తారు."

తేదీ చూశాను. ఇద్దత్ ముగియడానికి ఐదు రోజుల ముందు. జరపడం కుదురుతుందేమో అడగమన్నాను. మర్నాడు వచ్చి, "కుదరదంటన్నారండి. ఇంకా ఇద్దరున్నారట లైన్లో" అంది. చెప్పాల్సిన పాఠం కూడా వాళ్ళే ఇచ్చారు: మధ్యయుగాల నుంచి పునరుజ్జీవనం దాకా యూరప్ సమాజంలో మార్పు.

శుక్రవారం బావగారికి చెప్పాను.

"ఆపొద్దుకు ఇంగ అయిదు దినాలే గదమ్మా. ఆగలేవా?"

"వాళ్ళు ఆగరంట బావా."

"ఆగకపోతే పోనీలే. నీకేం తక్కువ చేస్తాం మేము? మొగుడు పోయి దినాలన్నా తీరలేదు, అప్పుడే బయటికి పోయిందని జనం నోరు నొక్కుకుంటారు. నువ్వే ఆలోచన చెయ్యి."

"సరే బావా" అన్నాను. పదకొండేళ్ళుగా అదే అంటున్నాను.

ఫోన్ పెట్టేసి, అలమారలో పైఅరకు చెయ్యి పెట్టాను. ఎప్పుడో మసీదు దగ్గర పంచుతుంటే ఆయన తెచ్చిన చిన్న తెలుగు పుస్తకం ఒకటి అక్కడ ఉందని తెలుసు. ఆడవాళ్ళు పాటించాల్సిన నియమాల గురించి. ఒక్కసారి కూడా తెరవలేదు. ఇద్దత్ గురించి రెండు పేజీలున్నాయి. విధవ జీవనోపాధి కోసం పగటిపూట బయటికి వెళ్ళవచ్చు, రాత్రి మాత్రం తన ఇంట్లోనే గడపాలి. అచ్చు తెలుగులో, పెద్ద అక్షరాల్లో ఉంది.

రెండు వారాలుగా ఆ పిల్లకు నేను చెబుతున్నది ఏమిటి? పునరుజ్జీవన కాలంలో చదువుకున్నవాళ్ళు చేసిన పెద్ద పని, వాళ్ళూ వీళ్ళూ చెప్పినది పట్టుకుని ఊగడం మాని, పాత గ్రంథాలు దులిపి, అసలు ఏం రాసి ఉందో తామే చూసుకోవడం అని. మూడుసార్లు రాయించాను కూడా. నా అలమారలో ఉన్న పుస్తకం తెరవడానికి నాకు నూట ఇరవై రోజులు పట్టింది. కోపం వచ్చింది. బావగారి మీద కాదు, చాప మీద కూర్చున్న ఆడవాళ్ళ మీద కాదు. ఎం.ఏ. చదివిన నా బుర్ర మీద. నాలుగు నెలల్లో మొదటిసారి నాలో ఏదో కదిలింది, అది కోపమే.

ఆ పేజీని ఫోటో తీసి బావగారికి పంపాను. జుహర్, అంటే మధ్యాహ్నపు నమాజు అయ్యాక ఆయన వాయిస్ మెసేజ్ వచ్చింది. "నువ్వు చదువుకున్నదానివి. నీ ఇష్టమమ్మా." ఆ గదికి సున్నం కొట్టించిన మనిషి గొంతు అది. మళ్ళీ వినలేక చెరిపేశాను.

బడికి వెళ్ళాల్సిన రోజు టాక్సీలో కూర్చున్నప్పుడు ఎండ ముఖం మీద పడింది. ఏదో అనిపిస్తుందనుకున్నాను, అనిపించలేదు. బడిలో ముప్పై మంది పిల్లలు, వెనక బెంచీలో ముగ్గురు పెద్దవాళ్ళు. నేను పాఠం బాగానే చెప్పాను. బొమ్మల్లో దేవుడూ రాజూ పెద్దగా, మామూలు మనుషులు చిన్నగా ఉండే రోజుల నుంచి, పక్కింటి మనిషి ముఖం కూడా ముడతలతో సహా గీసే రోజుల దాకా వచ్చాను. చివర్లో ఒక పిల్ల లేచి, "మధ్యయుగాలు అయిపోయాయని వాళ్ళకెప్పుడు తెలిసింది మేడమ్?" అని అడిగింది.

"తెలియలేదు. ఎవరూ ఒక పొద్దున లేచి, ఇక కొత్త కాలం అనుకోలేదు. పొయ్యి వెలిగించుకున్నారు, పనికి వెళ్ళారు. ఏం మారిందో వెనక్కి తిరిగి చూసినవాళ్ళు చెప్పారు" అన్నాను.

వెనక బెంచీలో ఒకావిడ ఏదో రాసుకుంది. అరగంట తర్వాత నన్ను తీసుకున్నామని చెప్పి, కాగితాల కోసం ఆఫీసు గదికి పంపారు.

అక్కడి గుమాస్తా తల ఎత్తకుండా ఒక్కొక్కటీ అడిగాడు. పాస్‌పోర్టు. సర్టిఫికెట్లు. ఫోటోలు. సివిల్ ఐడీ చూసి, భర్త మీద ఉన్న ఇఖామా కాబట్టి నేను ఉద్యోగం చేయడానికి ఆయనకు అభ్యంతరం లేదని సంతకం చేసిన లేఖ కావాలన్నాడు. హిందీలో అన్నాడు. "అది లేకుండా ఫైలు కదలదు మేడమ్. చాలామంది అక్కడే ఆగిపోతారు."

నేనూ ఏళ్ళ తరబడి అక్కడే ఆగిపోయాను. సంచిలోంచి మరణ ధ్రువపత్రం తీసి ఇచ్చాను.

అతను చదివాడు. కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. సారీ అన్నాడు. తర్వాత దాన్ని జిరాక్స్ తీసి, రెండు చిల్లులు పొడిచి, లేఖ ఉండాల్సిన చోట ఫైలులో పెట్టాడు.

"ఇది చాలు మేడమ్. ఇంక లేఖ అక్కర్లేదు" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఎప్పటి నుంచి రాగలరు? కొన్ని రోజులు ఆగినా పరవాలేదు" అన్నాడు.

"రేపటి నుంచి" అన్నాను.

అంత తొందరగా అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. మాట మాత్రం మార్చుకోలేదు.