పెనుమూడి చర్చిలో చివరి వరస

పెనుమూడి చర్చికి బిషప్ గారు వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి మా నానమ్మ ఒకటే పోరు, తీసుకెళ్ళమని. ఆవిడ పుట్టింది ఆ ఊళ్ళోనే. చిన్నప్పుడు కుష్టు వచ్చింది. మందులతో ఎప్పుడో నయమైంది కానీ వేళ్ళు వంకరగా ఉండిపోయాయి. ఇక ఎవరికీ అంటదని డాక్టర్లు చెప్పినా ఆవిడకి నమ్మకం లేదు. తెనాలిలో మా చర్చికి వెళ్ళినా, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారంలో ఆ రసానికి ఇంటి నుంచి సొంత స్టీలు గ్లాసు పట్టుకెళ్తుంది. నాకెప్పుడూ తన కంచంలోది ఒక ముద్ద కూడా పెట్టలేదు.

ఆదివారం పొద్దున్నే తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కాం. టికెట్టు పది రూపాయలే, ప్రయాణం గంట పైన. జంపని దాటాక రెండువైపులా వరి పచ్చగా ఉంది. నానమ్మ చేతులు కొంగులో దాచుకునే చూస్తూ కూర్చుంది. రేపల్లె స్టేషన్ బయట "పెనుమూడి వస్తావా బాబాయ్" అని నేను గొణిగితే ఆటో ఆయనకి వినబడలేదు. నానమ్మే గట్టిగా అడిగింది.

"మీటింగుకా మామ్మా? వచ్చేది మీ పెద్ద ఫాదరంటగా!"

"మాకు ఫాదర్లుండరయ్యా, అయ్యగార్లే. వాళ్ళందరికీ పెద్దాయన."

"అయితే మీ మనవడికి కాస్త నోరిప్పించమని అడుగు!"

చర్చి కిటకిటలాడుతోంది. బిషప్ గారు పెద్దగా అరవకుండా, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడారు. "ఇక్కడ పక్కపక్కన మోకాళ్ళూనడం తేలికే. బయట టీకొట్టు బల్ల మీద పక్కన చోటిస్తున్నామా? మన విశ్వాసం ఏపాటిదో అక్కడే తెలుస్తుంది" అన్నారు. ఇంతలో ఒక సంఘపెద్ద నానమ్మ గ్లాసు చూసి, "ఇక్కడ అందరికీ ఒకటే గిన్నె పెద్దమ్మా, గ్లాసులుండవు" అన్నాడు. నానమ్మ మొహం చిన్నబోయింది.

"పద పోదాం. నేను నోరు పెట్టిన గిన్నెలో ఎవరు తాగుతార్రా?"

ఇంత దూరం వచ్చి ఆవిడ ఊరికే వెళ్ళిపోవడం నాకు నచ్చలేదు. "చివర్లో వెళ్దాం నానమ్మా. నీ తర్వాత ఎవరూ ఉండరుగా" అన్నాను. ఆలోచించి సరేనంది.

అందరూ అయ్యాక చివరి వరసలో మోకాళ్ళూనింది. వయసు చాలదని నాకింకా సంస్కారం ఇవ్వరు కాబట్టి మోచెయ్యి పట్టుకుని పక్కన ఉన్నాను. బిషప్ గారే గిన్నె అందించారు. తాగింది. ఆయన బల్ల దగ్గరికి వెళ్ళి, మిగిలిన రసమంతా అదే గిన్నెతో తాగేశారు. నీళ్ళు పోసి, తొలిచి, అవీ తాగారు. "అయ్యో అయ్యగారూ!" అని నానమ్మ పైకే అనేసింది.

షామియానా కింద భోజనాల దగ్గర నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళింది.

"నా తర్వాత తాగారేంటండి? నా చేతులు చూళ్ళేదా?"

"చూశానమ్మా. మిగిలింది పారబోయకూడదు, ఇచ్చినవాడే తాగాలి. అది మా పద్ధతి." మళ్ళీ ఆయనే అన్నారు. "కుర్రతనంలో నాకూ జంకుండేది. గిన్నె తిప్పి అవతలి అంచున తాగేవాణ్ణి. పైకి పద్ధతి పాటిస్తూ లోపల మనుషుల్ని దూరం పెడుతున్నానని ఆలస్యంగా తెలిసింది. ఇప్పుడు తిప్పను."

తిరుగు ప్రయాణంలో రేపల్లె స్టేషన్లో టీ తీసుకున్నాం. నానమ్మ సగం తాగి, గ్లాసు నా వైపు జరిపింది. "తాగరా, చల్లారిపోతుంది." నా మొహం చూడకుండా పట్టాల వైపు చూస్తోంది. నేను గ్లాసు తిప్పకుండా తాగాను.

ఆ టీ రుచి ఇంకా నోట్లోనే ఉంది. బిషప్ గారికి అక్కడ థ్యాంక్స్ చెప్పలేకపోయాను, నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పెనుమూడి వెళ్ళేవాళ్ళు బాపట్ల వైపు నుంచైతే చెరుకుపల్లి మీదుగా బస్సులో రేపల్లె వచ్చి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కండి. ఎండ ఎక్కువ, నీళ్ళ సీసా పెట్టుకోండి. గ్లాసు మాత్రం అక్కర్లేదు.