చల్లారని బంతి

మదనపల్లెలో కుప్పం బస్సెక్కితే, నా పక్కనున్న అమ్మాయి చిన్న నల్ల రబ్బరు బంతిని అరచేతుల మధ్య రుద్దుతూ కూర్చుంది. పుంగనూరు దాటాక ఉండబట్టలేక అడిగాను.

"యాలమ్మా, అట్ల రుద్దుతాండావు?"

"స్క్వాష్ బంతక్కా, బ్యాటుతో గోడకు కొట్టి ఆడేది. చల్లగుంటే ఎగరదు. ఆటకు ముందు నేనూ, నన్ను ఓడించను వచ్చినామె, ఇద్దరం కలిసి కొట్టి వేడి చేస్తాం."

పదేళ్లు దేశదేశాలు తిరిగి ఆడిందట.

"ఇప్పుడు యాడ ఆట?"

"యాడా లేదక్కా. మోకాలు పోయింది. పోయిన నెలే మానేసినా."

చేతులు మాత్రం ఆగలేదు.

పలమనేరులో టీకి దిగుతూ బంతిని నా చేతిలో పెట్టింది. తిరిగొచ్చేసరికి నేను రుద్దుతున్నాను. చూసింది, బంతి తిరిగి అడగలేదు. కిటికీకి తలవాల్చి నిద్రపోయింది.

కుప్పంలో లేపి బంతి ఇచ్చాను. గుప్పిట మూసి చూసింది.

"ఇంకా వేడిగానే ఉండాదక్కా," అంది.