మా వీధికి పిలుపు అందలేదు

మా ఆవిడ రెండోసారి పార్షద్‌గా నిలబడతానని చెప్పిన రోజు నేను వసారాలో కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. స్టీలు ప్లాంటు నుంచి రిటైరయ్యాక కూరలు తరగడం నా డ్యూటీ. పార్షద్ అంటే మా భిలాయిలో కార్పొరేటర్. మొదటిసారి మా వార్డు ఆడవాళ్ళకి రిజర్వ్ అయింది కాబట్టి ఆవిడ నిలబడింది, గెలిచింది. నిలబెట్టింది నేనేనని నేను అందరికీ చెప్పుకున్నాను. అందరూ నమ్మారు కూడా. ఐదేళ్ళూ రోడ్డు మీద ఎవరు కనిపించినా "పార్షద్ సాబ్, నమస్తే" అని నాకే దండం పెట్టేవారు.

ఈసారి వార్డు జనరల్ అయింది. ఎవరైనా నిలబడొచ్చు. ఇంకేముంది, మరోదా కాలనీ నుంచి సుపేలా బజారు దాకా తెలిసినవాళ్ళందరూ "భయ్యా, ఈసారి మీరే కదా" అనడం మొదలుపెట్టారు. నేను మొహమాటానికి కాదు కాదంటూనే ఒక తెల్ల కుర్తా కుట్టించాను. అది టైలరు దగ్గర నుంచి వచ్చిన రోజే మా ఆవిడ దాన్ని విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏటండీ, నిల్చునేది నేనైతే మీకెందుకీ కుర్తా?"

"ఇది జనరల్ సీటే," అన్నాను.

"జనరల్ అంటే మగోళ్ళదని ఎక్కడ రాసుందేటి? ఆడోళ్ళ సీటు కాబట్టి గెలిచింది, ఆడోళ్ళ సీటు కాబట్టి గెలిచింది అని ఐదేళ్ళు విన్నాను. చెవులు చిల్లులు పడిపోనాయి. అందరి సీట్లో నిలబడి గెలిస్తే అప్పుడు నేను గెలిచినట్టు. ఓడిపోతే సరే, ఇంక ఈ మాటెత్తను. ఆ వంకాయలూ నేనే తరుక్కుంటాను."

నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు కింద ఎంత పట్టుదల ఉందో ముప్పై ఏళ్ళ పైన కాపురం చేసిన నాకు తెలియదా? కుర్తా మడతపెట్టి బీరువాలో పెట్టేశాను. కొంచెం కోపం వచ్చిన మాట నిజమే. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువైందని రెండుసార్లు అన్నాను కూడా.

ఎదురు నిలబడ్డది జాముల్ వైపు సిమెంటు పనులు చేయించే కాంట్రాక్టర్. డబ్బున్నవాడు, నోరున్నవాడు. ఛత్తీస్‌గఢీలో మాట్లాడితే ముసలివాళ్ళు కూడా పగలబడి నవ్వుతారు. మాకు పార్టీ లేదు, స్వతంత్రం. మా వసారాలోనే కమిటీ పెట్టాం. దానికి అధ్యక్షుణ్ణి నేను. కనీసం ఆ పదవైనా నాది కావాలి కదా!

మొదటి మీటింగులోనే గొడవ. గెలిస్తే ముందు ఏం చేస్తామో కరపత్రంలో వేయాలి. మా ఆవిడకి ఒక్కటే మాట: నీళ్ళు. మా బస్తీలో కుళాయి ఉదయం ఏడు దాటాక వస్తుంది. ప్లాంటులో కాంట్రాక్టు పనికీ, టౌన్‌షిప్ సెక్టార్లలో ఇళ్ళల్లో పనికీ వెళ్ళే ఆడవాళ్ళు ఆరింటికే బయల్దేరాలి. వాళ్ళ బిందెలు వాళ్ళొచ్చేదాకా ఖాళీగానే ఉంటాయి. మొదటిసారి గెలిచాక మా ఆవిడ చేసిన పని, నీళ్ళు రోజూ వచ్చేలా చూడడం. రెండోసారి గెలిస్తే వాటిని ఐదింటికి రప్పించాలని ఆవిడ పంతం.

కమిటీ కుర్రాళ్ళు ఒప్పుకోలేదు. "భాభీజీ, నీళ్ళ టైము కళ్ళకి కనిపిస్తుందా? కనిపించేది చెప్పాలి. వార్డు మొదట్లో పెద్ద స్వాగత ద్వారం కడతామందాం. దాని మీద మీ ఫొటో!" అన్నారు. ఫొటో మాట వినగానే నాకు ఉత్సాహం వచ్చింది. దంపతులిద్దరి ఫొటో అయితే ఇంకా బాగుంటుందని సూచించాను. చివరికి సుపేలాలో అచ్చయి వచ్చిన హిందీ కరపత్రంలో మొదటి మాట స్వాగత ద్వారం, తర్వాత వీధి దీపాలు, తర్వాత వ్యాయామ పరికరాల పార్కు, అన్నిటికంటే అడుగున నీళ్ళు. మా ఆవిడ దాన్ని అడుగుదాకా చూసి, మడిచి వంకాయల బుట్ట కింద పెట్టేసింది.

ప్రచారం మాత్రం భలే సాగింది. ఆటోకి మైకు కట్టి బీహారీల వీధి, ఒడియావాళ్ళ వీధి, ఛత్తీస్‌గఢీవాళ్ళ బస్తీ, మలయాళీల క్వార్టర్లు అన్నీ తిరిగాం. మా ఆవిడ హిందీలో మగా ఆడా తేడా ఉండదు, గోడ కూడా వస్తాడు, మనిషి కూడా వస్తుంది. అయినా జనం గుమ్మాల్లోకి వచ్చి టీలిచ్చేవారు. ఒక ఛత్తీస్‌గఢీ ముసలావిడ మా ఆవిడ బుగ్గలు పుణికి వేడివేడి ఫరా తినిపించింది. బియ్యప్పిండితో ఆవిరి మీద చేసే ఆ పిండివంట నాకూ పెడుతుందేమోనని ఎంతసేపు నిలబడ్డా ఆవిడ నా వైపు చూడలేదు.

మా తెలుగు వీధి ఒక్కటీ మిగిలింది. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేసినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ. మా ఇంటి వెనకే ఉంది ఆ వీధి. "మనోళ్ళ దగ్గరకి ఎల్లడమెందుకు, ఆ ఓట్లు మన జేబులో ఉన్నట్టే. ఆ టైములో ఇంకో బస్తీ తిరుగుదాం" అని నిర్ణయమైంది. ఆ మాటన్నది నేనేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను కాదు, కమిటీ అంది. సరే, కమిటీకి అధ్యక్షుణ్ణి నేనే అనుకోండి.

ప్రచారం ఇంకో రెండు మూడు రోజుల్లో ముగుస్తుందనగా, కరివేపాకు కోసం ఆ వీధిలోకి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. ఒక్కో గుమ్మంలో ఒక్కో ఆడమనిషి. ప్రతి నుదుటా తడి ఆరని కుంకుమ, మెడకి గంధం. పండగేమీ లేదే అనుకున్నాను. వీధి మొదట్లో పెద్దత్త కూర్చుని ఉంది. పెద్దత్త అంటే నాకు అత్త కాదు, వీధి మొత్తానికి అత్త. ఆ వీధిలో పెళ్ళి ముహూర్తం దగ్గర నుంచి పచ్చడి కారం దాకా ఆవిడ మాటే చెల్లుతుంది.

"ఏటత్తా, ఇయ్యాల ఏ నోము?" అన్నాను.

"నోమూ లేదు, పాడూ లేదు బాబూ. కాంట్రాక్టరు పెళ్ళాం వచ్చింది. ఇంటింటికీ బొట్టెట్టి పిలిచింది. రేపు సాయంత్రం ఆళ్ళ మీటింగుకి రమ్మంది."

తెలుగువాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. బొట్టు పెట్టి పిలిస్తే ఆ పిలుపు కాదనకూడదు. పిలవకపోతే పక్కింట్లో పెళ్ళైనా గడప దాటకూడదు. ఆ కాంట్రాక్టరు దగ్గర లెక్కలు చూసేవాడు మా విజయనగరంవాడే. వాడే నేర్పి ఉంటాడు. హిందీ తప్ప మరో భాష రాని ఆ ఇల్లాలు కుంకుమ భరిణె పట్టుకుని మా వీధంతా తిరిగింది. మేం మైకు పట్టుకుని వీధి తప్ప ఊరంతా తిరిగాం.

"అయితే మీరు వెళ్తారా?"

"బొట్టెట్టించుకుని ఎల్లకపోతే ఏం మర్యాద? ఆవిడెవులో పరాయి మడిసి, మన పద్ధతి తెలుసుకుని వచ్చింది. మనింటి పిల్లకి మాత్రం ఈ ఈది కనబళ్ళేదు. పిలవని పేరంటానికి మేం ఎల్తామేటి బాబూ?"

కరివేపాకు సంగతి మర్చిపోయి కాలుగాలిన పిల్లిలా ఇంటికి పరిగెత్తాను. "కుంకుమ తియ్యి! పసుపు తియ్యి! ఇప్పుడే ఎల్లి మనం కూడా పెట్టీయాల!" అని అరిచాను. మా ఆవిడ మొత్తం విని, కుంకుమ తియ్యలేదు. "ఇంట గెలిచి రచ్చ గెలవమంటే, మీ కమిటీ ఇల్లొదిలేసింది" అని నన్ను కడిగిపారేసి, ఒట్టి చేతులతో ఆ వీధిలోకి నడిచింది. నేను వెనకాల.

ఆ రోజు పెద్దత్త పెట్టిన చివాట్లు నేను మా ఫోర్‌మన్ దగ్గర కూడా తినలేదు.

"ఓలమ్మీ, ఐదేళ్ళు మా కుళాయి కాడ కూకున్నావు. మా ఇళ్ళల్లో పురుళ్ళకొచ్చినావు, పెళ్ళిళ్ళకొచ్చినావు. ఓటు కాడికొచ్చేసరికి మేం అడక్కర్లేనోళ్ళమైపోనామా? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, మేం నీకు అమ్మ కంటే ఎక్కువేటి?"

"తప్పైపోనాది అత్తా," అంది మా ఆవిడ. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నా పేరు కూడా ఎత్తలేదు, అది మాత్రం ఆవిడ గొప్పతనం.

అంతలో పెద్దత్త కోడలు లోపల నుంచి మా కరపత్రం తెచ్చింది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టింది, హిందీ గడగడా చదువుతుంది. మొదటి మాట పైకి చదివి తెలుగులో చెప్పింది. వీధంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. "స్వాగత ద్వారమా! మా ఈదికి ఎవులొస్తన్నారే, రాజుగారా?" అని ఒకావిడ. "ఆ ద్వారానికి బిందెలు యేలాడదీస్తే నీళ్ళొస్తాయేటి?" అని ఇంకొకావిడ. మా ఆవిడ కూడా నవ్వేసింది. నవ్వుతూనే ఆ కరపత్రం తీసుకుని, అవతల పారేసి, గుమ్మం మీద కూర్చుంది.

"అదొదిలీండి. నీళ్ళు ఐదింటికొస్తే చాలునా, ఇంకా ముందు కావాలా? అది చెప్పండి. గెలిస్తే మొదటి పని అదే. ఓడిపోయినా ఆఫీసుకెళ్ళి అడుగుతాను, నేనూ నీళ్ళు పట్టుకోవాలి కదా."

అక్కడి నుంచి మాటలు వేరే దారిన పడ్డాయి. నాలుగున్నర అని ఒకరు, కాదు ఐదు అని ఒకరు, నైట్ షిఫ్టు మొగుడికి స్నానానికి ఆరింటికి కూడా ఉండాలని ఇంకొకరు. పొద్దుపోయేదాకా వాదించుకున్నారు. ఒక్కరు కూడా ఓటు మాట అనలేదు. లేచేటప్పుడు మా ఆవిడ "కుంకుమ తెచ్చేదా అత్తా?" అని మెల్లగా అడిగింది.

"ఇప్పుడొద్దు. ముందొచ్చిన పిలుపు ముందు తీరాల," అంది పెద్దత్త.

మర్నాడు సాయంత్రం నేను చూసిన దృశ్యం పగవాడికి కూడా వద్దు. పట్టుచీరలు కట్టి, పూలు పెట్టుకుని, మా వీధి ఆడవాళ్ళందరూ బారులు తీరి కాంట్రాక్టరు టెంటు వైపు నడుస్తున్నారు. ముందు పెద్దత్త. నేను మా గేటు దగ్గర నిలబడి నమస్కారం పెడితే, తల ఊపి ముందుకు పోయింది. అక్కడ ముందు వరసలో కూర్చున్నారట. ఉపన్యాసం మొత్తం విన్నారట. తాంబూలం తీసుకుని, కాంట్రాక్టరు భార్యని చల్లగా ఉండమని దీవించి మరీ వచ్చారట. మా కమిటీ ఆ రాత్రే చెదిరిపోయింది.

తెల్లవారగానే మా ఆవిడ తలంటుకుని, కుంకుమ భరిణె పట్టుకుని బయల్దేరింది. "ఇంకా ఎందుకే?" అన్నాను. "పిలవడం నా వంతు. రావడం ఆళ్ళిష్టం," అంది. ప్రతి గుమ్మంలోనూ నుదురు ముందుకొచ్చింది. పెద్దత్త బొట్టు పెట్టించుకుని, "ఆళ్ళ పిలుపు మీటింగుకి. ఎల్లాం, తీరిపోనాది. నీ పిలుపు దేనికి?" అంది. "ఓటుకి అత్తా." "సరే, యిన్నాను," అంది. అంతే. ఆ 'యిన్నాను' ఔనో కాదో తెలియక లెక్కింపు రోజు దాకా నాకు అన్నం సయించలేదు.

లెక్కింపులో మొదటి నుంచీ కాంట్రాక్టరే ముందు. ఫరా పెట్టిన బస్తీ మాకు బాగానే వేసింది గానీ, మిగతా చోట్ల వెనకబడ్డాం. వాళ్ళ బాజా వాళ్ళు బయట వాయించడం కూడా మొదలెట్టేశారు. మా ఆవిడ బెంచీ మీద నిటారుగా కూర్చుంది. "పోనీలే," అన్నాను. "నోరుముయ్యండి, మన ఈది ఇంకా రాలేదు," అంది.

మా వీధి బూతు చివర్న వచ్చింది. అధికారి యంత్రంలో అంకెలు చదువుతుంటే ముందు నాకేమీ అర్థం కాలేదు. కాంట్రాక్టరుకి పడ్డవి చదివి, ఇంతేనా అన్నట్టు ఆయనే మళ్ళీ వంగి చూసుకున్నాడు. మా కుర్రాడొకడు కుర్చీ ఎక్కి అరిచాకే నాకు తెలిసింది, మేం గెలిచాం. బయట వాయిస్తున్న బాజా కాసేపాగి, మళ్ళీ మొదలైంది. ఈసారి డబ్బులు చెదిరిపోయిన మా కమిటీ కుర్రాళ్ళే ఇచ్చారట.

దండలు మెడలో ఉండగానే మా ఆవిడ ఊరేగింపు వద్దని, తిన్నగా మా వీధిలోకి నడిచింది. పెద్దత్త గుమ్మంలోనే ఉంది. మా ఆవిడ కాళ్ళకి దండం పెట్టబోతే, చెయ్యి పట్టుకుని పైకి లేపింది.

"మొదటిసారి నిన్ను గవర్నమెంటు కూకోబెట్టింది. ఈసారి మగోడు ఎదురుగుండా ఉండగా మేం కూకోబెట్టినాం. ఇంకెవులేనా ఆడోళ్ళ సీటని అన్నారంటే నాకాడికి తోలు," అంది.

అన్ని చివాట్లకీ కళ్ళు చెమర్చని మనిషి, లెక్కింపులో వెనకబడ్డప్పుడు కూడా నిటారుగా కూర్చున్న మనిషి, పెద్దత్త భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ. ఎవరో కొత్తగా వచ్చినతను నా దగ్గరకొచ్చి "బధాయీ హో, పార్షద్ సాబ్" అని అభినందిస్తూ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నేను కాదు బాబూ. అదిగో, ఆవిడ," అన్నాను. అతని కంటే ముందు నేనే ఆవిడకి దండం పెట్టాను.