ఇంజనీరప్ప బోరు

మా పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. మేస్త్రీ నీళ్ళు పోస్తూ గ్రానైటు పలక కోస్తుంటే, తడిసిన రాతిపొడి వాసన మదనపల్లెలోని మా ఇంటి కిటికీ దాకా వస్తుంది. మట్టివాసన కాదది. చల్లగా, రవ్వంత ఇనుము కలిసినట్టు ఉంటుంది. అది తగిలినప్పుడల్లా చేతిలో పని ఆగిపోతుంది. కుప్పం దగ్గరి ఒక గుట్ట, దాని కింద గుడారాలు, తడిరాళ్ళ ముందు గొంతుక్కూర్చున్న ఒక మనిషి మెల్లగా కళ్ళ ముందుకు తేలివస్తారు. ఆయన పేరు నాగరాజప్ప. ఆ గుట్ట పక్క పల్లెలో నా పేరు మీద చెల్లుబాటవుతున్న బోరొకటి ఉంది. అది నిజానికి ఆయనది.

డెబ్బైల చివర్లో గనుల ఇంజనీరింగు పట్టా పుచ్చుకుని, ఆ గుట్టలో బంగారం కోసం వెదికే క్యాంపులో చేరాను. గని ఉద్యోగమంటే సొరంగాలు, దీపాల టోపీలు అనుకుంటూ వెళ్ళాను. అక్కడున్నది ఒక డ్రిల్లింగ్ మిషను మాత్రమే. అది భూమిని తొలుచుకుంటూ పోయి, లోపలి రాతిని చెరకుగడల్లాంటి ముక్కలుగా పైకి తెచ్చేది. వాటిని చెక్కపెట్టెల్లో వరసగా పేర్చి, ఏ లోతులో ఏ రాయి ఉందో చూడడం నా పని. క్యాంపుకు పెద్ద నాగరాజప్ప గారు. పుంగనూరు మనిషి. పొద్దు వాలేవేళ చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ ముక్కల మీద సన్నగా పోసేవారు. బూడిదరంగు రాయి చూస్తుండగానే పచ్చబడేది. అందులో తెల్లటి చారలు నిద్రలేచినట్టు కనిపించేవి. నేను నా పని ముగించుకోవాలని పెట్టె లాగబోతే చేత్తో ఆపేవారు.

"యాల తొందరప్పా?"

"బంగారం ఉందో లేదో చూడాలి కదా, సార్."

"ఉంటే ఆడనే ఉంటాది, పారిపోదు. ఈ రాయి పుట్టినాక ఎండ మొగం సూసేది ఇదే మొదలు. రొంతసేపు సూడనీ."

అప్పుడు నాలో నేను నవ్వుకున్నాను. తర్వాత ఎన్నో గనుల్లో పనిచేశాను. ఎక్కడా రాతిని తడిపి కాసేపు ఊరికే చూడకుండా దాని గురించి ఒక్క మాటా రాయలేకపోయాను.

ఆ ఏడు వానలు లేవు. మిషను తిరగాలంటే నీళ్ళు కావాలి. ట్రాక్టరు ట్యాంకరులో ఎక్కడినుంచో తెచ్చేవాళ్ళం. పల్లె ఆడవాళ్ళు బిందెలతో వచ్చి నిలబడేవారు. ఇవి మిషనుకు తెచ్చినవని ఒకరోజు నేను కసిరాను. గొర్రెలు మేపుకునే మునెమ్మ కదల్లేదు.

"మీ మిషను తాగినాక మిగిలింది పొయ్యప్పా. మా గొర్రెలు దానికంటే తక్కువే తాగుతాయిలే."

వెనకనుంచి నాగరాజప్ప గారు నవ్వారు. "పొయ్యప్పా, పొయ్యి. మిషను రొంతసేపు దప్పికతో ఉంటే ఏమీ కాదు. అదేమన్నా నీ మాదిరి కసురుకుంటాదా?"

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మిషను ఆపించి, రంధ్రంలో దింపిన పైపుకు ఆయన చెవి ఆనించారు. నన్నూ పిలిచారు. ఇనుము వెచ్చగా తగిలింది. ఎంతో లోపల, నిద్రలో ఎవరో పక్కకు ఒత్తిగిల్లినట్టు ఒక చప్పుడు. కాసేపటికి నీళ్ళు పైపు అంచు దగ్గరికి వచ్చాయి. ఆ రంధ్రంలో బంగారం లేదు. అక్కడ పని అయిపోయాక పైపును జాకీలతో లాగి తర్వాతి చోటికి తీసుకుపోవాలి. లాగేస్తే పైనున్న వదులు మట్టి కూలి రంధ్రం పూడిపోతుంది.

"పైపు ఈడనే ఉండనీ. ఇరుక్కున్నాదని నేను సెప్తా," అన్నారాయన. "నువ్వు నోరు మెదపొద్దు. నీ ఉద్యోగం ఇంకా పచ్చిగా ఉండాది."

పైపు ఇరుక్కుందన్న కబురు విని పై అధికారి వచ్చి నన్ను విడిగా పిలిచాడు. "జాకీలు వేశారా?" అని అడిగాడు. తెలియదంటే సరిపోయేది. "వెయ్యలేదండీ, సార్ వద్దన్నారు," అన్నాను. నిజమే చెప్పాను, కానీ నన్ను నేను కాపాడుకోవడానికి చెప్పాను. నాగరాజప్ప గారిని దూరపు జిల్లాకు పంపేశారు. చెప్పింది ఎవరో ఆయనకు తెలుసు. పరుపుచుట్ట బస్సు మీదికి అందించి, "పోయొస్తానప్పా. ఒంటికి మంచిది కాదు, ఎండలో టోపీ లేకుండా తిరగొద్దు," అన్నారు. అంతే.

క్యాంపు నాకు అప్పగించారు. పైపు పెరకమన్నది నాకందిన మొదటి ఆజ్ఞ. రోజంతా జాకీలు వేయించాను. ఈలోపు చుట్టూ జారిన మట్టి దాన్ని గట్టిగా పట్టేసింది. ఆయన ఆడిన అబద్ధం నిజమై కూర్చుంది. పైపు కదల్లేదు, నేను వదిలేశాను. దూరంనుంచి చూసిన పల్లెవాళ్ళకు ఇంకోలా అర్థమైంది. మునెమ్మ ఉడకబెట్టిన చెనిక్కాయలు తెచ్చి నా ఒళ్ళో పోసింది.

"బలే నాటకమాడినావప్పా. లాగినట్టే లాగి ఇడిసిపెట్టినావు."

నేను నవ్వి ఊరుకున్నాను. మరుసటేడు దానికి చేతిపంపు బిగించారు. జనం దాన్ని ఇంజనీరప్ప బోరు అన్నారు.

ఎనభైల్లో, ఆయన ఉద్యోగం విరమించాక, పుంగనూరులో వాళ్ళింటికి వెళ్ళాను. దారంతా కూడగట్టుకున్న మాటలు కాఫీగ్లాసు అందుకోగానే చెదిరిపోయాయి. ఆయనే అడిగారు.

"ఆ నీళ్ళు తియ్యగా ఉండాయా?"

నేను ఎప్పుడూ తాగలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన తన గ్లాసు కింద పెట్టేశారు. "అన్నాళ్ళు ఆడుండి తాగలేదా? పొయ్యి తాగిరా పో."

మర్నాడే కుప్పం బస్సెక్కాను. పంపు దగ్గర మునెమ్మే కొట్టింది, నేను దోసిలి పట్టాను. తియ్యటి నీళ్ళు. తడిచేతులతో అక్కడే నిలబడి ఆమెకు అంతా చెప్పాను. పైపు ఉంచింది ఆయనని, ఆయన మీద చెప్పింది నేనని, మనస్ఫూర్తిగానే లాగబోయానని. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ, "అట్లనా," అంది. అంతలో బిందెతో ఒక కొత్త కోడలు వచ్చింది. మునెమ్మ ఆ పిల్లకు నన్ను చూపించింది.

"ఈయప్పే అమ్మా ఇంజనీరప్ప. ఈ బోరు ఈయప్పదే."

ఆ పిల్ల బిందె దించి నాకు దండం పెట్టింది. ఒకసారి చెప్పాను కదా అనుకున్నాను. బస్సుకు వేళవుతోందనుకున్నాను. మునెమ్మ మాట దిద్దకుండా ఆ దండం అందుకున్నాను. పుంగనూరు వెళ్ళి, "తియ్యగా ఉన్నాయి సార్," అంటే ఆయన కళ్ళు మూసుకుని తృప్తిగా తల ఊపారు. దండం సంగతి ఆయనకు చెప్పలేదు.

మొదట చేసినదానికి వయసు చిన్నదని ఎవరైనా నన్ను మన్నించవచ్చు. నాతో ఇంకా ఉన్నది ఆ కోడలి దండమే. అది దించుకోవడానికే ఇది రాస్తున్నాను. ఆ కోడలికి ఇప్పుడు పెద్ద పిల్లలుండి ఉంటారు. వాళ్ళెవరైనా చదివితే ఇంట్లో చెప్పాలి, ఆ బోరు నాగరాజప్ప గారిదని.