షరతులు లేని కాగితం

ఆ దానపత్రంలోని చేతిరాత దస్తావేజు లేఖరిది. మాటలు మాత్రం నావి.

సుల్తానాబాద్ దగ్గర మా ఊళ్ళో చర్చికి సొంత జాగా ఉండేది కాదు. మా బాపు ఇంటిపక్కనున్న నాలుగు గుంటల జాగా ఇస్తానన్నాడు. ఆ జాగా వెనక మూలన ఒక అర్ర, అంటే చిన్న గది, ఉంది. భర్త చనిపోయాక పుట్టింటికి వచ్చిన మా మేనత్త అందులోనే ఉండేది. ప్రార్థనలు అద్దె కొట్టంలో జరిగిన రోజుల నుంచీ ఊడ్చేది, గంట కొట్టేది, బల్లమీది తెల్లగుడ్డ ఉతికేది ఆమే.

రిజిస్ట్రేషన్ రోజు లేఖరి ఒక వాక్యం అదనంగా రాశాడు: ఆమె బతికినన్నాళ్ళు ఆ అర్రలో ఉండే హక్కు ఆమెది. బాపు చెప్పి రాయించిన మాటే అది. నేను అడ్డుపడ్డాను. అప్పటికి కరీంనగర్ హేతువాదుల చర్చావేదికల వేడి నాలో ఇంకా ఆరలేదు. చర్చి గడప తొక్కక ఏళ్ళయింది. ఆదివారం వస్తే చాలు, బాపుతో వాదన.

"ఇస్తే మొత్తం ఇయ్యి, లేకుంటే ఇయ్యకు. దేవునికి ఇచ్చుకుంట ఇంత దాచుకునుడు ఏం భక్తి బాపు?" అన్నాను.

అది మన కోసం కాదురా, చెల్లె కోసం అని బాపు మెల్లగా అన్నాడు. ఇన్నేళ్ళు చాకిరీ చేసిన మనిషిని చర్చి పెద్దలు రోడ్డున పడేస్తారా అని నేను ఎదురడిగాను. దేన్నీ నమ్మననే నేను ఆ ఒక్కటీ నమ్మాను. బాపు తల దించుకున్నాడు. లేఖరి ఆ వాక్యం కొట్టేశాడు. దాని బదులు "ఎటువంటి షరతులు, మినహాయింపులు లేకుండా, శాశ్వతంగా దైవసేవకు అంకితం" అని నేను చెప్పి రాయించాను. చదివి వినిపిస్తే నాకే ముచ్చటేసింది. బాపును వాదనలో నోరు మూయించడం నాకు అదే మొదటిసారి.

బాపు పోయాడు. ఆయన ఇల్లు అప్పుల కింద అమ్ముడుపోయింది. కొన్నేళ్ళకు చర్చికి స్లాబు పడింది. ప్రతిష్ఠ పండుగనాడు మా అత్తను వేదిక ఎక్కించి శాలువా కప్పారు. ఆమె అంకితభావం గురించి ఒకాయన మైకులో చాలాసేపు మాట్లాడాడు. జీతం ఇవ్వని చాకిరీకి మనం పెట్టుకున్న మర్యాదైన పేరు అంకితభావం. పదిహేను రోజులు తిరగకుండానే కమిటీ పెద్దలు వచ్చి, బండ్లు ఆపడానికి చోటు చాలడం లేదని, అర్ర తీసేయాలని చెప్పారు. గద్దించలేదు. చాయ్ తాగి, "దేవుని పని అవ్వా, నువ్వే సమజ్ చేసుకోవాలె" అన్నారు.

అత్తను తీసుకుని పెద్దపల్లిలో వకీలు దగ్గరికి పోయాను. ఆయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఒకసారి అంకితమిచ్చాక ఇచ్చినవాడి చెయ్యి కూడా దాన్ని తాకదని, ముందుగా మినహాయించి రాసుకోనిదేదీ తరువాత దొరకదని చెప్పాడు.

"ఎవలు రాసిన్రో గని సార్, మస్తు పక్కాగ రాసిన్రు. దూరుటానికి ఒక్క సందు లేదు."

నేను ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

తిరుగు బస్సులో అత్త అడిగింది. "మా అన్న నా ముచ్చట రాయిస్తనన్నడు అల్లుడా. మర్చిపోయిండా?"

అవునంటే నమ్మేది. చనిపోయినవాడు వచ్చి కాదనడు. ఆ అబద్ధం నా నాలుక దాకా వచ్చింది.

"మర్చిపోలే అత్తమ్మా. బాపు రాయించిండు. నేనే కొట్టేపిచ్చిన."

ఆమె కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చుంది. మా ఊరి బస్సు స్టేజీ దగ్గర పడుతుండగా నావైపు తిరిగింది.

"నీకు దేవుడే లేడు గద అల్లుడా. మరి గంత పట్టింపు ఎందుకు?"

ఎన్నో వేదికల మీద ఎందుకు, ఎందుకు అని జనాన్ని నిలదీసినవాణ్ణి.  నా దగ్గర ఉన్న జవాబు ఒకటే: బాపు మీద గెలవాలనిపించింది. అది ఆమెకు చెప్పలేకపోయాను.

ఆ వారంలోనే అత్త అర్ర తాళంచెవి తనే తీసుకెళ్ళి కమిటీకి ఇచ్చింది. కరీంనగర్‌లో నా ఇంటికి రమ్మన్నాను. రానంది. నస్పూర్‌లో బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్‌లో ఉండే ఆడబిడ్డ దగ్గరికి పోతానంది. ఆటో ఎక్కుతున్నప్పుడు నేను సంచి అందుకోబోయాను. ఆమె పట్టు వదల్లేదు.