జాంబీల నవలకు నేను చెప్పిన ముగింపు

ఆ జాంబీల నవల చదవొచ్చా అని ఎవరైనా అడిగితే సూటిగా జవాబు చెప్పలేను. పుస్తకంగా చూస్తే అంతంత మాత్రమే. సగం పేజీల్లో జనం పరుగెత్తుతుంటారు, మిగతా సగంలో చచ్చి లేచినవాళ్లు వాళ్లను తరుముతుంటారు. కానీ కరోనా రోజుల్లో, లింబాయత్ నేత కార్మికుల బస్తీలోని మా ఇంట్లో, మా బాపుకు జావ తాగించింది ఆ పుస్తకమే.

జ్వరంతో బాపు ముందుగదిలో ఒక్కడే ఉన్నాడు. ముప్పై ఏళ్లు సాంచెలనే మరమగ్గాల మోతలో బట్ట నేసి చెవులు పోగొట్టుకున్నాడు. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు. మాస్కులొచ్చి ఆ దారీ మూసేశాయి. నాలుగో రోజు జావ గిన్నె ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. కిటికీ బయట నిలబడి, అతను ఇటు తిరిగినప్పుడు మాస్కు కిందికి లాగి, "బాపూ, జర తాగు" అన్నాను.

"మూతి మూసుకో, నీకు గూడ అంటుకుంటది" అని కసిరాడు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చాయి సాంచెల సైగలు. కార్ఖానాలో మాట వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చిన్నప్పుడు బాపుకు అన్నం తీసుకెళ్తూ నేనూ నేర్చుకున్నాను. రెండు వేళ్లు కలిపి విడదీస్తే పోగు తెగిందని. మీసం మెలేస్తే సేఠ్ వస్తున్నాడని. నా దగ్గరున్న కథ ఆ నవల ఒక్కటే, దాన్నే సైగల్లో మొదలుపెట్టాను. అందులోని మిలిటరీ అధికారికి సేఠ్ మీసమే పెట్టాను. మెడ వాల్చి, చేతులు వేలాడేసి జాంబీలా నడిచి చూపిస్తే బాపు లేచి కూర్చున్నాడు.

"గీల్లేంది, మా రాత్‌పాళీ దిగినోళ్ల లెక్కనే ఉన్నరు" అన్నాడు, రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చే కార్మికులను తలుచుకుని.

గిన్నె ఖాళీ అయితేనే తర్వాతి కథ అని షరతు పెట్టాను. రోజూ కొంచెం కొంచెం తాగాడు.

చిక్కంతా చివర్లో వచ్చింది. నవలలో జాంబీ కరిచిన తండ్రిని కూతురు గదిలో పెట్టి తాళం వేస్తుంది. ఆఖరి పేజీలో ఆ తలుపు తీయకుండానే ఊరు విడిచి వెళ్లిపోతుంది. గదిలో ఉన్న బాపుకు ఆ మాట చెప్పడం నావల్ల కాలేదు. కూతురు తలుపు తీసిందనీ, తండ్రి నడుచుకుంటూ బయటికొచ్చాడనీ చూపించాను. బాపు చాలాసేపు నా చేతులనే చూసి, మిగిలిన జావ తాగేశాడు.

తర్వాత జ్వరం తగ్గింది. బయటికొచ్చిన నెలకు, ఇద్దరం చాయ్ తాగుతుంటే అన్నాడు. "నీ కత ఆఖరు ఉత్తదని గప్పుడే ఎర్కైంది బిడ్డా. నీ చేతులు వణికినయ్."

నా పెదాలు కనపడేలా బాపువైపు తిరిగి, "మరి గప్పుడే ఎందుకు అడగలే?" అన్నాను.

"కతల తండ్రి ఏమైతే నాకేంది. నువ్వైతే తలుపు తీస్తవని తెలిసింది. గంతే సాలనిపించింది."