పంటి కింద ఇంజను చప్పుడు

యేసురత్నానికి చెవులు పోతున్నాయని నంద్యాల రైసుమిల్లులో తెలియనివాడు లేడు. ఆయనకూ తెలుసు, ఒప్పుకోడు అంతే. ఎవరు పలకరించినా "ఊఁ ఊఁ" అని తలూపి తప్పుకునేవాడు. భార్య సరోజమ్మకు ఏడాదిగా అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఇరవై ఏళ్లు ఆయిలింజను నడిపినవాడు, దాని చప్పుడు కాస్త మారితే చాలు, తింటున్న అన్నం వదిలి పరుగెత్తినవాడు! పందొమ్మిది వందల యాభై ఏడులో, వడ్ల బండ్లు బారులు తీరిన రోజుల్లో, అలాంటి మనిషికి బెల్టు తెగిన చప్పుడే వినపడలేదు.

యజమాని ఆదినారాయణకు మొహమాటం తక్కువ. చెవిలో నోరుపెట్టి అరిచాడు. "ఇంజను చప్పుడు ఇనపడనోనికి ఇంజను ఎట్ల ఇడిసిపెట్టేదప్పా? సోమవారం పాణ్యం నుంచి ఇంగో డ్రైవరు వస్తాండాడు."

సరోజమ్మ ఆయన్ని ఆసుపత్రికి ఈడ్చుకుపోయింది. డాక్టరమ్మ చెవుల్లోకి దీపం వేసి చూసి, రెండు కొమ్ముల ఉక్కు కడ్డీని తన మోకాలికి కొట్టి, చెవి ముందు పట్టుకుని గడియారం చూసింది. ఎనిమిది సెకండ్లకే మోత ఆగిపోయిందని యేసురత్నం చెయ్యెత్తాడు. వెంటనే ఆమె కడ్డీ కాడను చెవి వెనక ఎముకకు ఆనించింది. మళ్లీ మోగింది. ఇంకో పదిహేను సెకండ్లు మోగింది. ఆయన బిత్తరపోయాడు.

"చప్పుడంటే వణుకే," అంది డాక్టరమ్మ గట్టిగా. "ఈ కడ్డీ సెకండుకు రెండువందల యాభై ఆరు సార్లు వణుకుతుంది. నీ చెవులు చీము కారి కారి పొరలు చిల్లుపడ్డాయి, గాలిలో వచ్చే వణుకు లోపలికి సరిగ్గా పోవడం లేదు. ఎముకలో వచ్చేది పోతోంది. నీ లోపలి చెవి బాగుంది."

సోమవారం కొత్త డ్రైవరు ఇంజను తిప్పి, "బాగనే ఉండాది," అన్నాడు. యేసురత్నం ఒక ఇనప చువ్వ తెచ్చి, ఒక కొన ఇంజనుకు ఆనించి, రెండో కొన పళ్ల మధ్య బిగించాడు. ఇదేం పిచ్చి అని అందరూ నవ్వారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఏడాది తర్వాత తన ఇంజను తనకు వినపడింది, దాని అడుగున ఏదో టక్కుమంటున్నదీ వినపడింది.

"ఆపండప్పా. పెద్ద బేరింగు పోయింది."

విప్పి చూస్తే బేరింగు నిలువునా చీలి ఉంది. ఆదినారాయణ దాన్ని కాసేపు చేతిలో తిప్పి, కొత్త డ్రైవరు వైపు తిరిగాడు. "పాణ్యం బస్సు ఎన్నింటికప్పా?"

ఆ సాయంత్రం యేసురత్నం ఇంటికి పోయి, సరోజమ్మ తల రెండు చేతులా పట్టుకుని, తన నుదురు ఆమె నుదుటికి ఆనించాడు.

"ఏమన్నా మాట్లాడు. అరవాకు."

ఆమెకు సిగ్గేసింది. "ఏం మాట్లాడాల? అన్నం సల్లారిపోతాంది," అంది మెల్లగా.

ఆయనకు కన్నీళ్లాగలేదు. "ఇంగోసారి చెప్పు," అన్నాడు.